బెర్బర్ భాషల వారిని అరబ్బుల నుంచి వేరుచేసేది వంశమా, భాషా?

ప్రశ్న: పడమటిగాలి

2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో మొరాకో సెమీఫైనల్స్‌కు చేరినప్పుడు, అంతదూరం వెళ్ళిన తొలి అరబ్బు జట్టు అని పత్రికలన్నీ రాశాయి. ఆ మాటకు మొరాకో వారే కొందరు అభ్యంతరం చెప్పారు. తాము అరబ్బులం కామనీ, తమది అమజిగ్ జాతి అనీ, జట్టులోని కొందరి కుటుంబాలు కూడా ఉత్తరాన ఉన్న రిఫ్ కొండల నుంచి వచ్చినవేననీ వారి వాదన. మనం పాఠ్యపుస్తకాల్లో బెర్బర్లు అని చదువుకున్నది వీరి గురించే అని నాకు అప్పుడే తెలిసింది. ఆనాటి నుంచి దొరికినంతవరకు చదువుతున్నాను గానీ, చదివినకొద్దీ కొన్ని విషయాల్లో అయోమయం పెరుగుతోంది.

అల్జీరియా, మొరాకో ప్రజల్లో అత్యధికులు శతాబ్దాల క్రితం బెర్బర్ భాషలు మాట్లాడినవారి సంతతే అని ఒకచోట చదివాను. అదే నిజమైతే, నేడు ఆ దేశాల్లో కొందరు అరబ్బులమనీ మరికొందరు బెర్బర్లమనీ చెప్పుకోవడానికి ఆధారం ఏమిటి? రెండో సందేహం భాష గురించి. కొందరు బెర్బర్ భాష అని ఏకవచనంలోను, మరికొందరు భాషలు అని బహువచనంలోను రాస్తున్నారు. ఒక్కొక్కచోట ఒక్కొక్క లిపి కూడా కనిపిస్తోంది. ఈ ప్రాంత చరిత్ర గాని, భాషాశాస్త్రం గాని చదివినవారు వివరిస్తే సంతోషిస్తాను.

జవాబు 1: శాసనప్రియ

మీరు చదివింది నిజమే. అందుకే మీ మొదటి ప్రశ్నకు వంశం అనే జవాబు నిలబడదు. ఉత్తర ఆఫ్రికాలో అరబ్బు, అమజిగ్ అనే విభజన ప్రధానంగా ఎవరి కుటుంబం ఎప్పుడు భాష మార్చుకుంది, ఎవరి కుటుంబం మార్చుకోలేదు అన్నదాని మీద ఏర్పడిన విభజన. దీన్ని అర్థం చేసుకోవడానికి కొంత వెనక్కి వెళ్ళాలి.

నైలు నదికి పశ్చిమాన ఉన్న ఎడారి నుంచి అట్లాంటిక్ తీరం వరకు, సముద్రంలోని కానరీ దీవులతో సహా, ఒకప్పుడు ఈ భాషాకుటుంబమే వ్యాపించి ఉండేది. ప్రాచీన ఈజిప్టు శాసనాలు లీబు, మెష్వెష్ అని పేర్కొన్న తెగలు వీరి పూర్వీకులేనని పండితుల అభిప్రాయం. కార్తేజ్, రోమ్ తలపడిన కాలానికి నుమిడియా రాజ్యం తలెత్తింది. దాని రాజు మసినిస్సా మొదట కార్తేజ్ పక్షాన పోరాడి, తరువాత రోమ్ వైపు తిరిగి, కార్తేజ్ సేనాని హానిబాల్ ఓటమిలో ముఖ్యపాత్ర వహించాడు. ఆయన క్రీ.పూ. 148లో మరణించిన తరువాత, పదేళ్ళకు అటూ ఇటూగా, నేటి ట్యునీషియాలోని దుగ్గా పట్టణవాసులు ఆయన పేరిట గుడి కట్టి, కార్తేజ్ వారి ప్యూనిక్ భాషలోను, స్థానిక లిబ్యన్ భాషలోను శాసనం వేయించారు. ఆ పట్టణంలోని సమాధి మందిరం మీది మరో ద్విభాషా శాసనాన్ని 1842లో ట్యునిస్‌లోని బ్రిటిష్ కాన్సుల్ ఊడదీయించి తీసుకుపోయాడు. ఆ పనిలో మందిరం చాలావరకు కూలిపోయింది, శాసనం నేటికీ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది. లిబ్యన్ అక్షరాలను చదవడానికి ఈ రెండు శాసనాలే తాళంచెవులయ్యాయి. అటువంటి శాసనాలు వెయ్యికి పైగా దొరికినా, అవి ఎక్కువగా సమాధుల మీది పేర్లే కావడంతో భాష గురించి తెలిసింది తక్కువ.

రోమన్ల కాలంలో ఈ నేల మీద పుట్టినవారు లాటిన్‌లో రాశారు. తగాస్తేలో, అంటే నేటి అల్జీరియాలోని సూక్ అహ్రాస్‌లో పుట్టిన సెయింట్ అగస్టీన్ ఇందుకు ఉదాహరణ. ఆయన తల్లి మోనికా పేరు స్థానిక మూలం గలదని చాలామంది భావిస్తారు. ఏలికల భాష నేర్చి అందులో పేరు తెచ్చుకోవడం ఇక్కడ అరబ్బులతో మొదలైన సంగతి కాదు.

క్రీ.శ. 670లో అరబ్బు సేనాని ఉక్బా ఇబ్న్ నాఫీ నేటి ట్యునీషియాలో కైరవాన్ నగరాన్ని స్థాపించాడు. ఔరెస్ కొండల్లో కాహినా అని అరబ్బు చరిత్రకారులు పిలిచిన దిహ్యా అనే రాణి అరబ్బు సైన్యాలను ఎదిరించింది. ఆమె గురించి మనకు తెలిసినదంతా తరువాతి శతాబ్దాల్లో రాసిందే కనుక, అందులో ఎంత చరిత్ర, ఎంత కథ అన్నది తేల్చడం కష్టం. యుద్ధాలు ముగిసిన కొద్ది కాలానికే, 711లో, తారిక్ ఇబ్న్ జియాద్ నాయకత్వంలో స్పెయిన్‌కు జలసంధి దాటిన సైన్యంలో అత్యధికులు బెర్బర్లే. అంటే కొత్త మతాన్ని వారు త్వరగానే స్వీకరించారు. అయితే ముస్లిములైన తరువాత కూడా అరబ్బు అధికారులు తమ మీద అన్యాయమైన పన్నులు వేయడాన్ని, తమను తక్కువవారిగా చూడడాన్ని సహించలేక 740లో తిరగబడ్డారు. ఆ తిరుగుబాటుకు వారు ఎంచుకున్న సిద్ధాంతం, విశ్వాసి ఎవరైనా నాయకుడు కావచ్చునన్న ఖారిజీల సిద్ధాంతం. అల్జీరియా ఎడారిలోని మ్జాబ్ లోయలోను, లిబియాలోని నఫూసా కొండల్లోను నేటికీ ఉన్న ఇబాదీ సంప్రదాయం ఆ ఉద్యమపు మిగులే.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, మతం మారడం, భాష మారడం ఒకేసారి జరగలేదు. వాటి మధ్య కొన్ని శతాబ్దాల దూరం ఉంది. ఫాతిమీ ఖలీఫాలను 909లో గద్దెనెక్కించింది కుతామా బెర్బర్లు. మర్రాకెష్‌ను నిర్మించి స్పెయిన్‌ను ఏలిన అల్మొరవిద్‌లు సన్‌హాజా బెర్బర్లు. వారిని కూల్చిన అల్మొహద్ ఉద్యమం అట్లాస్ కొండల్లోని మస్మూదా తెగల్లో పుట్టింది. దాని గురువు ఇబ్న్ తూమర్త్ తన జనానికి వారి భాషలోనే బోధించాడు. రాజులు బెర్బర్లే, వారి సైన్యాలూ బెర్బర్లే, అయినా దస్తావేజులు, శాస్త్రం, ప్రార్థన అరబ్బీలోనే నడిచాయి. 11వ శతాబ్ది మధ్యలో బనూ హిలాల్ అనే అరబ్బు సంచార తెగలు ఈజిప్టు వైపు నుంచి రావడంతో అరబ్బీ నగరాలు దాటి మైదానాల్లోకి, పచ్చిక భూముల్లోకి వ్యాపించింది. వలస వచ్చినవారి సంఖ్య స్థానికులతో పోలిస్తే పెద్దది కాదు. కానీ సంతలో, మసీదులో, పశువుల కాపరుల మధ్య పనికొచ్చే భాష అదే కావడంతో మైదానపు జనం క్రమంగా దానికి మారారు. కొండల్లోను, ఎడారి ఒయాసిస్సుల్లోను ఉన్నవారు పాత భాషలు నిలుపుకొన్నారు. నేటి భాషాపటం చూడండి: రిఫ్, అట్లాస్, కబైలియా, ఔరెస్, నఫూసా, అన్నీ కొండలే.

భాష మారిన తెగలు వంశవృక్షాన్ని కూడా మార్చుకున్నాయి. ప్రవక్త కుటుంబానికో, యెమెన్ రాజులకో తమ మూలపురుషుణ్ణి ముడిపెట్టుకుంటే గౌరవం పెరిగేది, కొన్నిచోట్ల పన్ను కూడా తగ్గేది. 14వ శతాబ్దిలో బెర్బర్ల చరిత్రను విస్తారంగా రాసిన ఇబ్న్ ఖల్దూన్ ఇలాంటి వాదనలను చాలావరకు కొట్టిపారేశాడు. కనుక ఒక మొరాకో పౌరుడు తాను అరబ్బునని చెప్పుకుంటే అబద్ధమాడుతున్నాడని అనుకోనక్కరలేదు. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళుగా అరబ్బీ మాట్లాడుతున్న కుటుంబానికి ఆ గుర్తింపు నిజమైనదే. అది రక్తపరీక్షతో తేలే విషయం కాదని మాత్రమే నా ఉద్దేశం.

జవాబు 2: వ్యాకరణవీధి

చరిత్ర గురించి పైవారు వివరంగా రాశారు కనుక, నేను రెండో ప్రశ్నకు పరిమితమవుతాను.

బెర్బర్ అన్నది ఆఫ్రో-ఆసియాటిక్ కుటుంబంలోని ఒక శాఖ. అరబ్బీ, హీబ్రూలున్న సెమిటిక్ శాఖ, ప్రాచీన ఈజిప్షియన్, సోమాలీ ఉన్న కుషిటిక్ శాఖ, హౌసా ఉన్న చాడిక్ శాఖ దీనికి బంధువులు. అంటే అరబ్బీకి ఇది దూరపు చుట్టమే గాని, దాని మాండలికం కాదు. అరబ్బీ నుంచి పుట్టిందని కొన్ని దేశాల్లో పాఠశాలల్లో కూడా చెప్పేవారు. ఆ మాటకు శాస్త్రాధారం లేదు.

మొరాకోలో దక్షిణాన సూస్ ప్రాంతంలో తషెల్‌హీత్, మధ్య అట్లాస్‌లో తమజిగ్త్, ఉత్తరాన తరిఫీత్ ఉన్నాయి. అల్జీరియాలో తీజీ వుజూ, బెజాయా ప్రాంతాల కబైల్, ఔరెస్ కొండల షావియా, మ్జాబ్ భాష ఉన్నాయి. సహారాలో తువారెగ్‌ల భాష అల్జీరియా, లిబియా, మాలీ, నైజర్, బుర్కినా ఫాసోల వరకు పాకింది. ట్యునీషియాలో జెర్బా దీవిలోను, దక్షిణాన కొన్ని గ్రామాల్లోను, ఈజిప్టులో సీవా ఒయాసిస్సులోను, మౌరిటానియా నైరుతి మూలలోను చిన్న చిన్న సమూహాలు మిగిలాయి. మౌరిటానియాలోని జెనాగా మిగతావాటికి అన్నిటికంటే దూరంగా జరిగిన భాష. కానరీ దీవుల భాష స్పెయిన్ ఆక్రమణ తరువాత అంతరించింది.

ఒక భాషా, పలు భాషలా అన్నదానికి భాషాశాస్త్రం ఇచ్చే జవాబు ఒకటి, రాజకీయం ఇచ్చే జవాబు మరొకటి. కబైల్ మాట్లాడే గ్రామస్థుడు, మాలీలోని తువారెగ్ ఒకరి మాట ఒకరు నేరుగా అర్థం చేసుకోలేరు. కానీ పక్కపక్క ప్రాంతాల వారి మధ్య గీత గీయడం కష్టం. పోలికలు మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. సీవా నుంచి అట్లాంటిక్ వరకు నీటిని 'అమన్' అనే అంటారు, అదీ అంతటా బహువచన రూపమే. పదానికి ముందూ వెనుకా త చేరిస్తే స్త్రీలింగమో, చిన్నదన్న అర్థమో వస్తుంది. కబైల్‌లో 'అఖ్ఖామ్' ఇల్లయితే 'తఖ్ఖామ్త్' గది. తెలుగువారికి ఆసక్తి కలిగించే మరో సంగతి ఉంది. మనకు 'ఇల్లు' అన్న మాట 'ఇంటి' అయి, 'ఏరు' 'ఏటి' అయి, తరువాతి పదంతో కలవడానికి ఔపవిభక్తిక రూపం దాల్చినట్టే, అక్కడ నామవాచకానికి రెండు రూపాలుంటాయి. మనిషి 'అర్గాజ్', కానీ మనిషి యొక్క అన్నప్పుడు 'ఉర్గాజ్' అవుతుంది. క్రియ తరువాత వచ్చే కర్తకు కూడా ఈ రెండో రూపమే వాడతారు. మనకు మార్పు పదం చివర జరిగితే వారికి మొదట జరుగుతుంది. తషెల్‌హీత్‌లో ఒక్క అచ్చు కూడా లేని పదాలున్నాయి. వాటిని తెలుగు లిపిలో రాయాలంటే పొల్లు మీద పొల్లు పెట్టుకుంటూ పోవలసిందే.

అరబ్బీ ప్రభావం లోతైనది. కబైల్‌లో ఒకటి, రెండు తప్ప మిగతా అంకెలన్నీ అరబ్బీవే. తషెల్‌హీత్, తువారెగ్‌లలో మాత్రం పదివరకు సొంత అంకెలు మిగిలాయి. ప్రభావం ఒకవైపే సాగిందని అనుకోకూడదు. మొరాకో వీధుల్లో మాట్లాడే అరబ్బీలో వృత్తుల పేర్లు చేయడానికి ఈ త-త చట్రాన్నే వాడతారు. వడ్రంగిని చెప్పే అరబ్బీ పదం 'నజ్జార్' ఆ చట్రంలో ఇమిడి 'తనజ్జార్త్' అయితే వడ్రంగం అని అర్థం. పొట్టి అచ్చులు రాలిపోయే ఆ అరబ్బీ ఉచ్చారణ కూడా పాత భాష వదిలిన ముద్రేనని చాలామంది అంటారు. సిరియావారికి మొరాకో అరబ్బీ అంత సులభంగా అర్థం కాకపోవడానికి ఇది ఒక కారణం.

లిపి సంగతి. దుగ్గా శాసనాల నాటి అక్షరాల వారసత్వం తువారెగ్‌ల దగ్గర తిఫినాగ్ పేరుతో బతికింది. ఇసుక మీద, రాళ్ళ మీద, ఆభరణాల మీద రాసుకునే ఆ అక్షరాలను పిల్లలకు నేర్పింది ఎక్కువగా తల్లులే. మిగతా ప్రాంతాల్లో ఆ లిపి ఎప్పుడో పోయింది. సూస్ ప్రాంతపు మతపండితులు కొన్ని శతాబ్దాల పాటు తమ భాషను అరబ్బీ లిపిలో రాశారు. నోటిమాటకే పరిమితమైన భాష అన్న నింద ఆ చేతిప్రతుల్ని చూడనివారు వేసింది. 1960ల చివర పారిస్‌లోని కబైల్ వలసదారులు బెర్బర్ అకాడమీ ద్వారా తిఫినాగ్‌ను సంస్కరించి ప్రచారం చేశారు. మొరాకో 2003లో 33 అక్షరాల తిఫినాగ్‌ను అధికారిక లిపిగా ఎంచుకుంది. లాటిన్ లిపి కోరినవారు, అరబ్బీ లిపి కోరినవారు ఎటూ తేలని తగాదాలో ఉండగా మధ్యేమార్గంగా తీసుకున్న నిర్ణయం అది. కబైలియాలో మాత్రం బడిపుస్తకాలూ, నవలలూ లాటిన్ లిపిలోనే వస్తున్నాయి. నా మటుకు నాకు మొరాకో నిర్ణయం రాజకీయంగా తెలివైనదే అనిపిస్తుంది, కానీ అరబ్బీ, ఫ్రెంచి లిపులతో పాటు మూడో లిపి నేర్చుకోవలసి వచ్చిన బడిపిల్లవాడి కష్టాన్ని ఆ చర్చలో ఎవరూ పెద్దగా లెక్కపెట్టలేదు.

పడమటిగాలి

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంత వివరంగా జవాబులు వస్తాయని అనుకోలేదు. ఒక అనుబంధ ప్రశ్న. రాజులు బెర్బర్లే అయినా అరబ్బీని గౌరవించారు, ప్రజలు నెమ్మదిగా భాష మార్చుకున్నారు, పెద్ద గొడవలేమీ జరిగినట్టు లేదు. మరి 20వ శతాబ్దిలోనే ఇది ఇంత పెద్ద సంఘర్షణ ఎందుకైంది?

జవాబు 3: శాసనప్రియ

పాత రాజ్యాలకు ప్రజలందరూ ఒకే భాష మాట్లాడాలన్న పట్టింపు లేదు. ఆ పట్టింపు ఆధునిక ప్రభుత్వంతో, బడితో వచ్చింది. దానికి ముందు వలసపాలకులు పెట్టిన చిచ్చు ఒకటుంది.

1830లో అల్జీరియాలో దిగిన ఫ్రెంచివారు కొంతకాలానికి ఒక కథ అల్లారు. కబైల్ జనం శ్రమజీవులు, గ్రామసభలతో ప్రజాస్వామ్యం నడిపేవారు, మతం విషయంలో అంత పట్టుదల లేనివారు, కనుక ఐరోపావారికి దగ్గర అని, అరబ్బులు అందుకు విరుద్ధం అని. ఈ మంచివారైన కబైల్ జనమే 1871లో మొక్రానీ నాయకత్వంలో ఫ్రెంచివారి మీద అతిపెద్ద తిరుగుబాటు చేసి, ఓడిపోయి, భూములు పోగొట్టుకున్నారు. మొరాకోలో 1930 మే 16న బెర్బర్ ఫర్మానా వచ్చింది. బెర్బర్ తెగలకు ఇస్లామిక్ న్యాయస్థానాలకు బదులు తెగ ఆచారాల ప్రకారం తీర్పు చెప్పే సభలను చట్టబద్ధం చేసి, పెద్ద నేరాలను ఫ్రెంచి కోర్టులకు అప్పగించింది. ముస్లిములను విడదీయడానికి పన్నిన పన్నాగమంటూ మసీదుల్లో నిరసన ప్రార్థనలు మొదలై, మొరాకో జాతీయోద్యమం అక్కడి నుంచే ఊపందుకుంది. అప్పటి నుంచి బెర్బర్ భాష గురించి ఎవరు నోరెత్తినా వలసపాలకుల తొత్తు అన్న ముద్ర పడేది. అన్యాయమేమిటంటే, అంతకు పదేళ్ళ ముందే రిఫ్ కొండల బెర్బర్ తెగలు అబ్దుల్ కరీం అల్ ఖత్తాబీ నాయకత్వంలో 1921లో అన్వాల్ దగ్గర స్పెయిన్ సైన్యాన్ని చిత్తుచేసి, కొన్నేళ్ళపాటు సొంత గణతంత్రాన్ని నడిపి, చివరకు స్పెయిన్, ఫ్రాన్స్ రెండూ కలిస్తే తప్ప లొంగలేదు.

అల్జీరియా జాతీయోద్యమం లోపల కూడా 1949లో చీలిక వచ్చింది. రాబోయే దేశం అరబ్బు ముస్లిం దేశమా, లేక అల్జీరియన్లందరి దేశమా అన్న ప్రశ్న లేవనెత్తిన కబైల్ యువకులను పార్టీ నుంచి తొలగించారు. స్వాతంత్ర్య యుద్ధంలో కబైలియా అతిభారమైన మూల్యం చెల్లించింది. 1962లో స్వాతంత్ర్యం రాగానే దేశం అరబ్బు దేశమని ప్రకటించారు. బడి, కోర్టు, రేడియో క్రమంగా ప్రామాణిక అరబ్బీకి మారాయి. ఆ అరబ్బీ ఇళ్ళలో అరబ్బీ మాట్లాడేవారికి కూడా పరాయి భాషలాంటిదే, అయినా బెర్బర్ భాషల పిల్లలకు అది రెండింతల దూరం.

1980 మార్చిలో రచయిత ములూద్ మమ్మెరీ తీజీ వుజూ విశ్వవిద్యాలయంలో పాతకాలపు కబైల్ కవిత్వం గురించి ఉపన్యసించవలసి ఉండగా అధికారులు రద్దు చేశారు. ఒక సాహిత్య ఉపన్యాసాన్ని ఆపినందుకు సమ్మెలు, అరెస్టులు, ఏప్రిల్ 20న విశ్వవిద్యాలయం మీద పోలీసుల దాడి జరిగి, చివరకు అది బెర్బర్ వసంతం పేరుతో చరిత్రలో నిలిచిపోయింది. 1994-95లో కబైలియా పిల్లలు ఏడాది పాటు బడి బహిష్కరించారు. 1998 జూన్ 25న గాయకుడు మతూబ్ లూనెస్ హత్యకు గురయ్యాడు. ప్రభుత్వ వ్యవహారాలన్నీ అరబ్బీలోనే జరగాలన్న చట్టం ఆ తరువాత పది రోజులకే, జూలై 5న, అమలులోకి వచ్చింది. 2001 వసంతంలో జెండార్మరీ అనే సాయుధ పోలీసు దళం నిర్బంధంలో ఒక విద్యార్థి తూటాలకు బలికావడంతో అల్లర్లు చెలరేగి నూరుమందికి పైగా చనిపోయారు. ఆ రక్తపాతం తరువాత, 2002లో తమజిగ్త్ (ఇక్కడ బెర్బర్ భాషలన్నిటికీ కలిపి వాడిన పేరు) జాతీయ భాష, 2016లో అధికార భాష అయింది.

మొరాకో దారి కొంత మెత్తనిది. 1994లో తమ భాషలో బ్యానర్లు పట్టుకుని నడిచినందుకు గుల్మీమాలో ఉపాధ్యాయులను అరెస్టు చేశారు. అదే ఏడాది ఆగస్టులో రాజు రెండో హసన్ ప్రాథమిక పాఠశాలల్లో ఈ భాషలు నేర్పాలన్నాడు. ఆయన కుమారుడు 2001లో అమజిగ్ భాషా సంస్కృతుల కోసం ఒక రాచసంస్థను స్థాపించాడు. 2011 రాజ్యాంగంలో అమజిగ్ అధికార భాషగా చేరింది. దాన్ని అమలుచేసే చట్టం రావడానికి మాత్రం 2019 దాకా పట్టింది. లిబియాలో గద్దాఫీ ఇలాంటి జాతి ఉందనే ఒప్పుకోలేదు. 2011లో ఆయనపై తిరగబడిన తొలి ప్రాంతాల్లో నఫూసా కొండలు ఉండడానికి ఇది ఒక ప్రధాన కారణం.

జవాబు 4: ఎడారిబాట

పై జవాబులతో చాలావరకు ఏకీభవిస్తున్నాను. అయితే చర్చ అంతా మధ్యధరా తీరం నుంచి సాగుతోంది. ఎడారికి దక్షిణపు అంచు నుంచి చూస్తే, భాషే గుర్తింపు అన్న శాసనప్రియ గారి సూత్రం కొంత నిజమే అయినా అసంపూర్ణం.

తువారెగ్ అన్నది బయటివారు పెట్టిన పేరు. వారు తమను కెల్ తమాషెక్ అని, అంటే తమాషెక్ భాష గలవారని పిలుచుకుంటారు. ఇంతవరకు సూత్రం చక్కగా సరిపోతుంది. కానీ ఆ భాష మాట్లాడే సమాజం లోపల కులాల వంటి అంతరాలున్నాయి. ఒంటెల మీద యుద్ధం చేసే దొరలు, వారికి కప్పం కట్టే తెగలు, మతపండితుల కుటుంబాలు, లోహపు పని, తోలు పని చేసే ఇనాదన్‌లు, వీరందరికింద దక్షిణాది నల్లజాతి ప్రజల నుంచి పట్టి తెచ్చిన బానిసల సంతతి. ఉత్తరాన జాతి మొత్తానికి గర్వకారణమైన ఇమజిగెన్ అన్న పేరుకు అక్కడి రూపం ఇమజేఘన్, అది చారిత్రకంగా ఆ దొరల వర్గానికి మాత్రమే చెల్లుతుంది. బానిసల వారసులు ఇంట్లో మాట్లాడేది అదే తమాషెక్. వారు కెల్ తమాషెక్‌లా కాదా అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. వారిలో కొందరు తమను వేరే సమూహంగా సంఘటితం చేసుకున్నారు. కనుక వంశం వెనుక తలుపు నుంచి తిరిగి లోపలికి వస్తూనే ఉంటుంది.

రాజకీయం కూడా వేరు. కబైలియాలో పోరాటం బడి, లిపి, రాజ్యాంగంలో చోటు గురించి. మాలీ, నైజర్‌లలో 1960లో వచ్చిన సరిహద్దులు మేతదారులను, ఉప్పు బిడారుల దారులను కోసేశాయి. 1970లు, 80ల కరువులు మందలను తుడిచిపెట్టాయి. యువకులు లిబియా వెళ్ళి గద్దాఫీ సైన్యంలో చేరారు. 1963, 1990, 2007, 2012 తిరుగుబాట్లు ఈ నేపథ్యంలో చూడవలసినవి. 2012 ఏప్రిల్ 6న ఉత్తర మాలీని అజవాద్ పేరుతో స్వతంత్ర దేశంగా ప్రకటించినవారు కొద్ది నెలలకే జిహాదీ దళాల చేతిలో నగరాలు పోగొట్టుకున్నారు. ఆ ప్రాంతంలో సొంగై, ఫులానీ, అరబ్బు జనాలు కూడా ఉన్నారు, వారిని అడిగి చేసిన ప్రకటన కాదది. మాలీ 2023 రాజ్యాంగం తమాషెక్‌తో సహా 13 జాతీయ భాషలకు అధికార హోదా ఇచ్చింది. ఆ ఏడాదే ప్రభుత్వ సేనలు కిదాల్ పట్టణాన్ని తిరుగుబాటుదారుల నుంచి స్వాధీనం చేసుకున్నాయి. కాగితం మీది హోదా అక్కడివారి ప్రధాన సమస్యను తాకిందని నేను అనుకోను.

అందుకే సీవా నుంచి కానరీ దీవుల వరకు, ట్యునిస్ నుంచి టింబక్టు వరకు ఒకే రంగు పూసి 'తమజ్ఘా' అని గీసే పటాలను కొంత జాగ్రత్తగా చూడాలి. అది పారిస్‌లోను, తీజీ వుజూలోను పుట్టిన ఊహ. అది తప్పని అనను, జాతులన్నీ ఊహల నుంచే పుడతాయి. కానీ సీవాలో ఖర్జూరపు తోటల వారు దాన్ని తమ ఊహగా భావిస్తున్నారో లేదో వారిని అడగవలసిందే.

శాసనప్రియ

ఎడారిబాట గారి సవరణ న్యాయమైనది. నేను చెప్పినది ఉత్తర ప్రాంతానికి వర్తించినంతగా సహారాకు వర్తించదు. ఒక్క మాట చేరుస్తాను. ఉత్తరాన కూడా నేడు పరిస్థితి మారుతోంది. మొరాకో 2024 జనగణన ప్రకారం బెర్బర్ భాషలు మాట్లాడేవారు జనాభాలో సుమారు నాలుగోవంతు. ఆ లెక్క తక్కువ చూపిందని ఉద్యమకారులు ఆక్షేపించారు. అల్జీరియా జనగణన దశాబ్దాలుగా భాష గురించి అడగడమే మానేసింది. లెక్క ఏదైనా, కాసాబ్లాంకాకు, అల్జీర్స్‌కు వలస వచ్చిన కుటుంబాల్లో మనవల తరానికి భాష పోతోందన్నది నిర్వివాదం. అలా భాష పోయిన యువకులే కొందరు తాము అమజిగ్‌లమని గట్టిగా చెబుతున్నారు. 2019 అల్జీరియా ఉద్యమంలో అమజిగ్ జెండా పట్టుకున్నందుకు జైలు పాలైన వారందరూ కబైల్ మాట్లాడేవారని చెప్పలేం. భాష మీద నిలబడ్డ గుర్తింపు భాష లేకుండా ఎంతకాలం నిలుస్తుందన్నది ఇప్పుడు అక్కడివారి ముందున్న అసలు ప్రశ్న. హోదా వచ్చాక పోరాటం తేలికవుతుందని అనుకున్నవారికి ఇదే ఎక్కువ కష్టంగా కనిపిస్తోంది.

పడమటిగాలి

నా అయోమయం ఎందుకో ఇప్పుడు అర్థమైంది. చివరిగా ఒక చిన్న సందేహం. జనవరిలో వారి కొత్త సంవత్సరం యెన్నాయెర్ గురించి చదివినప్పుడు 2970లలో సంవత్సర సంఖ్యలు కనిపించాయి. అంత పాత శకం నిజంగా వాడుకలో ఉందా?

వ్యాకరణవీధి

పండగ పాతది, శకం కొత్తది. రోమన్ల జూలియన్ పంచాంగాన్ని ఉత్తర ఆఫ్రికా రైతులు విత్తడం, కోయడం కోసం వదలకుండా వాడారు. యెన్నాయెర్ అన్నది లాటిన్ జనవరి పేరే. పాత పంచాంగం కనుక కొత్త సంవత్సరం మన జనవరి మధ్యకు జరిగింది. ఆ రోజున ఏడు రకాల కూరగాయలతో కూస్‌కూస్ వండడం వంటి ఆచారాలు తరాల నుంచి ఉన్నవే, అరబ్బీ మాట్లాడే పల్లెల్లో కూడా చేస్తారు. సంవత్సరాల సంఖ్య మాత్రం 1980 ప్రాంతంలో పారిస్‌లోని ఉద్యమకారులు ప్రవేశపెట్టినది. లిబ్యన్ మూలాలు గల షెషాంక్ ఈజిప్టు ఫరో అయిన సంఘటనను క్రీ.పూ. 950గా తీసుకుని అక్కడి నుంచి లెక్కించారు. చరిత్రకారులు ఆయన పట్టాభిషేకాన్ని దానికి కొద్ది సంవత్సరాల తరువాత పెడతారు. అల్జీరియా 2018 నుంచి జనవరి 12న, మొరాకో 2024 నుంచి జనవరి 14న ఈ పండగకు ప్రభుత్వ సెలవు ఇస్తున్నాయి. తేదీల్లో ఆ రెండు రోజుల తేడా ఎలా వచ్చిందన్నదాని మీద అక్కడివారే ప్రతి ఏడాదీ వాదులాడుకుంటారు. జూలియన్ పంచాంగం లెక్క ప్రకారం చూస్తే 14వ తేదీయే సరైనది.